పెద్ద వయసులో పళ్ళకు క్లిప్పులు

పళ్ళకు క్లిప్పులు అనగానే మనకు పట్నంలో చదువుకునే పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లలు గుర్తుకు వస్తారు. నోరు తెరిస్తే తళుక్కుమనే తీగ, పంటికొక చిన్న లోహపు బిళ్ళ. అది పిల్లల వ్యవహారమనీ, పెళ్ళయి పిల్లల్ని కన్నవారికి దానితో పని లేదనీ మన పల్లెల్లో చాలామంది అనుకుంటారు. నిజానికి పన్ను కదలడానికి వయసు అడ్డం కాదు. నలభై ఏళ్ళవారి పన్నూ కదులుతుంది, అరవై ఏళ్ళవారి పన్నూ కదులుతుంది. చిగుళ్ళూ, పంటి చుట్టూ ఉన్న ఎముకా ఆరోగ్యంగా ఉండాలి, అంతే. కష్టమల్లా ఇంకొక చోట ఉంది. పిల్లలు రెండు వారాల్లో మరచిపోయే సంగతికి పెద్దవాళ్ళు అలవాటు పడడానికి నెలలు పడుతుంది. తినే తిండి, మాట్లాడే మాట, నలుగురిలో కూర్చోవడం, ఇంట్లోవాళ్ళకు జవాబు చెప్పడం అన్నీ మళ్ళీ మొదటినుంచి నేర్చుకున్నట్టే ఉంటుంది.

నేను గుంటూరుకు ముప్పై కిలోమీటర్ల దూరంలో ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలిని. 2021 సెప్టెంబరులో, నా ముప్పై తొమ్మిదో ఏట క్లిప్పులు వేయించుకున్నాను. 2023 అక్టోబరులో తీశారు. ఈ ఇరవై అయిదు నెలల్లో నన్ను ప్రశ్నలడిగిన సహోదరీలు చాలామంది ఉన్నారు. కొందరు తమ కోసం అడిగారు, కొందరు తమ పిల్లల కోసం అడిగారు, ఒకరిద్దరు మాత్రం వేళాకోళానికి అడిగారు. అందరికీ కలిపి తెలిసినంత మట్టుకు ఇక్కడ చెబుతాను.

అందం కోసమేనా?

నావి చిన్నప్పటినుంచి ఎత్తు పళ్ళు. ఆ రోజుల్లో మా నాన్నగారికి స్తోమత లేదు, ఆ ఆలోచన కూడా ఎవరికీ రాలేదు. పెదవి మూసుకొని నవ్వడం నేర్చుకున్నాను, పెళ్ళి అయింది, అది అక్కడితో సరి. ముప్పై అయిదు దాటిన తరువాత అసలు కథ మొదలైంది. పై ముందుపళ్ళ మధ్య సందు రావడం మొదలైంది. మొదట బియ్యపు గింజ పట్టేంత, తరువాత శనగ బద్ద పట్టేంత. కింది పళ్ళు పైపళ్ళ వెనుక అంగిలికి తగిలి అక్కడ పుండు పడుతూ ఉండేది. కారం తింటే కళ్ళవెంట నీళ్ళు.

డాక్టరుగారు ఎక్స్‌రే తీసి చూపించారు. చిగుళ్ళ జబ్బువల్ల ముందుపళ్ళ చుట్టూ ఎముక కొంత తగ్గింది. పట్టు తగ్గిన పళ్ళను కింది పళ్ళు నమిలినప్పుడల్లా మేకు దిగగొట్టినట్టు బయటకు నెడుతున్నాయి. "ఇలాగే వదిలేస్తే ఈ నాలుగు పళ్ళు ఎన్నాళ్ళుంటాయో నేను చెప్పలేనమ్మా" అన్నారు. రోజంతా అ ఆ ఇ ఈ చెప్పుకొని బ్రతికేదాన్ని. ముందు నాలుగు పళ్ళు పోతే త, థ, ద, ధ పిల్లలకు ఏ నోటితో చెప్పాలి?

మా అత్తయ్యకు ఇది ఎంతమాత్రం నచ్చలేదు. "పిల్లకు సంబంధాలు చూసే రోజులు దగ్గర పడుతుంటే నీకెందుకమ్మా ఈ సింగారం? ఆ డబ్బు పెడితే గేదె పడ్డ వస్తుంది" అన్నారు. ఆవిడ మాటలో తప్పు పట్టడానికి లేదు. మొత్తం ఖర్చు ముప్పై రెండు వేలు అన్నారు, నెల నెలా కొంత కట్టమన్నారు. మా ఇంట్లో అది చిన్న మొత్తం కాదు. మా వారు మాత్రం ఒక్కటే అన్నారు: "పళ్ళు ఊడిన తరువాత కట్టించుకోవాలన్నా డబ్బే కదమ్మా." ఆ లెక్క అత్తయ్యకు కొంచెం ఎక్కింది, పూర్తిగా కాదు.

సంఘములో ఒక పెద్దాయన ఇంకొక ప్రశ్న వేశారు. దేవుడిచ్చిన పళ్ళను మార్చుకోవడం ఎంతవరకు న్యాయమని. ఆయన అంతకు రెండు నెలల క్రితమే కంటిలో శుక్లం తీయించుకొని కొత్త అద్దం వేయించుకొని వచ్చారు. నేను ఆ మాట ఎత్తలేదు. ఆయన భార్యే ఎత్తారు. ఆయన నవ్వేశారు. కంటికి ఒక న్యాయం, పంటికి ఒక న్యాయం ఎందుకుండాలో నాకిప్పటికీ తెలియదు. అలాగని అందం సంగతే లేదని నేను అనను. నోరు తెరిచి నవ్వాలని ముప్పై ఏళ్ళు కోరుకున్నదాన్ని, ఆ కోరిక కూడా కొంత ఉంది. అది ఉన్నంత మాత్రాన వైద్యం అనవసరమైపోదు.

ఎముకలో పన్ను ఎలా నడుస్తుంది?

పన్ను గోడకు కొట్టిన మేకులాగా ఎముకలో బిగిసి ఉంటుందని మనం అనుకుంటాము. అలా ఉండదు. పంటి వేరుకూ ఎముకకూ మధ్య సన్నని పీచు పొర ఒకటి ఉంటుంది. దాని మందం మిల్లీమీటరులో దాదాపు అయిదో వంతు. మంచం పట్టెలకు నులక బిగించి అల్లినట్టు, లెక్కలేనన్ని సన్నని పీచులు పంటిని ఎముకకు వేలాడగట్టి ఉంచుతాయి. తీగ పంటిని ఒక వైపుకు నెట్టినప్పుడు ముందు వైపు ఈ పొర నలుగుతుంది, వెనుక వైపు సాగుతుంది. నలిగిన వైపు ఎముకను కరిగించే కణాలు చేరతాయి. సాగిన వైపు కొత్త ఎముకను కట్టే కణాలు చేరతాయి. ముందు గోడ కొంచెం తీస్తూ, వెనుక గోడ కొంచెం కడుతూ పన్ను తన గదితో సహా జరుగుతుంది.

ఇది నెలకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున జరిగే పని. "ఇంకొంచెం గట్టిగా బిగించండి, తొందరగా అయిపోతుంది" అని డాక్టరును తొందరపెట్టేవారున్నారు. గట్టిగా బిగిస్తే ఆ పొరలోని రక్తనాళాలు నలిగిపోయి పని ఆగిపోతుంది, పంటి వేరు అరిగి పొట్టిదయ్యే ప్రమాదం కూడా ఉంది. పెద్దవారిలో ఈ కణాలు మేలుకోవడానికి పిల్లల్లోకంటే కొంచెం ఎక్కువ రోజులు పడుతుంది. ఇంకొక తేడా ఏమిటంటే పిల్లల దవడ పెరుగుతూ ఉంటుంది కనుక ఆ పెరుగుదలను డాక్టర్లు వాడుకోగలరు. మనకు ఆ సదుపాయం లేదు. పళ్ళు కాక దవడే బాగా ముందుకో వెనక్కో ఉన్న పెద్దవారికి కొందరికి క్లిప్పులతోపాటు ఆపరేషను కూడా అవసరమవుతుంది.

నా కార్డు మీద డాక్టరుగారు "క్లాస్ 2" అని రాస్తే, తరగతులు చెప్పే నాకే తరగతి వేశారేమిటని అడిగాను. అమెరికాలో ఎడ్వర్డ్ యాంగిల్ అనే దంతవైద్యుడు 1899లో పళ్ళ అమరికను మూడు తరగతులుగా విడదీశాడట. ఇప్పటికీ అదే లెక్క. ఆ కాలంలో ప్రతి పంటికీ ఒక లోహపు కడియం తొడిగేవారు. 1955లో మైఖేల్ బ్యూనోకోర్ అనే ఆయన, పంటి పింగాణి పొరను ఫాస్ఫారిక్ ఆమ్లంతో కొద్దిగా గరుకు చేస్తే దానికి జిగురు బాగా పట్టుకుంటుందని కనిపెట్టాడు. ఈనాడు పంటికొక చిన్న బిళ్ళ అంటించి ఊరుకోగలుగుతున్నారంటే అదే కారణం. ఇక తీగ సంగతి. మొదటి నెలల్లో వేసే నికెల్, టైటానియం కలిపిన తీగ అమెరికా నౌకాదళంవారి ప్రయోగశాలలో పుట్టింది. 1970లలో పళ్ళ వైద్యంలోకి వచ్చింది. ఎంత వంచినా మళ్ళీ తన రూపానికి తాను రావాలని చూస్తుంది. అది తిరిగి తిన్నగా అవుతూ మన పళ్ళను కూడా తనతోపాటు వరుసలోకి తెస్తుంది.

క్లిప్పులు పడకముందు

పెద్దవారికి క్లిప్పులకు ముందే చాలా పని ఉంటుంది. నాకు చిగుళ్ళ శుభ్రానికే మూడు నెలలు పట్టింది. చిగుళ్ళనుంచి రక్తం వచ్చేవారికి అది బాగు చేయకుండా క్లిప్పులు వేస్తే, ఉన్న ఎముక ఇంకా తొందరగా కరిగిపోతుంది. ఆ మాట చెప్పకుండా కూర్చోబెట్టి వెంటనే బిళ్ళలు అంటించేవారి దగ్గరకు వెళ్ళకండి.

మనంతట మనం డాక్టరుకు చెప్పవలసినవీ కొన్ని ఉన్నాయి. చక్కెర జబ్బు ఉంటే చెప్పాలి, అది అదుపులో ఉండాలి. ఎముకల బలానికని వాడే మందులుంటే ఆ చీటీ చూపించాలి, వాటిలో కొన్ని పంటి కదలికను అడ్డుకుంటాయి. గిల్టు నగలు పెట్టుకుంటే మెడ మీద, చెవుల దగ్గర దురద పుట్టేవారు ఆ సంగతి తప్పక చెప్పాలి, ఎందుకంటే తీగలో నికెల్ ఉంటుంది. చుట్ట, బీడీ, ఖైనీ అలవాటున్న మగవారు వాటిని మానకుండా ఈ వైద్యానికి దిగితే డబ్బు దండుగ.

నాకు పై దవడలో రెండు పళ్ళు తీశారు. కోరపన్ను వెనుక ఉండే చిన్న దవడపళ్ళు, ఒక్కొక్క వైపు ఒకటి. పిల్లల పాఠ్యపుస్తకంలో అగ్రచర్వణకాలని ఉంటుందే, అవి. ఎత్తు పళ్ళు వెనక్కి రావడానికి చోటు కావాలి కదా. "పై పన్ను పీకిస్తే కంటిచూపు పోతుంది" అని మా వీధివీధంతా వచ్చి చెప్పారు. కంటికి చూపునిచ్చే నరం నేరుగా మెదడునుంచి వస్తుంది, పంటికి వచ్చే నరం వేరు. ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు. నలభై దాటితే దగ్గరి అక్షరాలు మసకగా కనపడడం అందరికీ ఉన్నదే, పళ్ళు తీయించుకునేదీ చాలామంది ఆ వయసులోనే. రెండూ కలిసి రావడంవల్ల ఈ నమ్మకం పుట్టి ఉంటుంది.

బిళ్ళలు అంటించిన రోజు నొప్పి లేదు. ఇంజెక్షనూ లేదు. నోరు గంటన్నర తెరిచి ఉంచడమే బాధ. నీలంరంగు జిగట మందు అర నిమిషం రాసి కడిగేశారు, పన్ను సుద్దముక్కలా తెల్లబడింది, దాని మీద జిగురుతో బిళ్ళ పెట్టి నీలి దీపం చూపించారు. ఫ్లోరైడు నీళ్ళు తాగే నల్గొండ, ప్రకాశం ప్రాంతాలవారి పళ్ళ మీద ఆ ఆమ్లం సరిగా పనిచేయదు కనుక బిళ్ళ ఊడడం ఎక్కువట. అటువైపు చదువరులు ఇది గుర్తుంచుకోవాలి. పంటి మీది గోధుమరంగు మచ్చలు క్లిప్పులవల్ల పోవు, ఆ వైద్యం వేరు.

మొదటి వారం

ఇంటికి వచ్చిన నాలుగైదు గంటలకు మొదలైంది. నొప్పి అనేకంటే సలుపు అనాలి. రెండో రోజున అన్నం మెతుకు నొక్కినా ప్రాణం పోయినట్టు ఉండేది. పళ్ళన్నీ వదులైపోయి ఊగుతున్నట్టు అనిపించింది. ఇది చూసే చాలామంది పెద్దవాళ్ళు భయపడి తీసేయమని పరుగెత్తుతారు. కదిలే పన్ను కొద్దిగా ఊగక తప్పదు. సలుపు రెండో రోజుకు ఎక్కువై, అయిదారు రోజులకు తగ్గిపోతుంది. డాక్టరు చెప్పిన పారాసిటమాల్ రెండు రోజులు వేసుకున్నాను. చల్లని నీళ్ళు నోట్లో పట్టి ఉంచితే కొంత హాయి. నాకు వేసినది ఒంటి వెచ్చదనానికి బిగిసే రకం తీగ. అది చల్లబడితే కాసేపు మెత్తబడుతుంది. ఫ్రిజ్ లేకపోయినా కుండలో నీళ్ళు చాలు.

నొప్పికంటే విసుగు పుట్టించేది పుండ్లు. బుగ్గ లోపలి తోలు జీవితంలో ఎన్నడూ లోహానికి రాసుకొని ఎరగదు. నాలుగో రోజుకు రెండు వైపులా పొక్కింది. దీనికి డాక్టర్లు ఒక రకం మైనం ఇస్తారు. గుచ్చుకునే బిళ్ళను గుడ్డతో పొడిగా తుడిచి, బఠాణీ గింజంత మైనం వేళ్ళ మధ్య మెత్తగా చేసి దాని మీద అదిమితే చాలు. రాత్రి పడుకునేముందు గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించాలి. మూడు వారాలయ్యేసరికి బుగ్గ లోపల తోలు గట్టిపడి, ఆ బాధ తనంతట తానే పోయింది. అంతవరకు ఆవకాయ జోలికి పోకుండా ఉంటే మంచిది.

తిండి దగ్గరే అత్తయ్యకూ నాకూ మధ్య ఉన్న బిగువు సడలింది. మూడో రోజు రాత్రి నేను పెరుగన్నం కూడా నమలలేక పళ్ళెం పక్కకు పెట్టి లేచాను. ఆవిడ ఏమీ అనలేదు. తెల్లవారి లేచేసరికి రాగి జావ కాచి, మజ్జిగ కలిపి, చల్లార్చి పెట్టారు. "పళ్ళు లేని మీ మామయ్యకు నాలుగేళ్ళు పెట్టాను, నాకు తెలియదా" అన్నారు. ఆ రోజునుంచి ముద్దపప్పు మెత్తగా మెదిపి, బెండకాయ, సొరకాయ బాగా మగ్గబెట్టి, చేప ముల్లు తీసి పెట్టడం ఆవిడ పని. మాంసం ఖీమా కొట్టించేవారు. ఎండాకాలంలో ముంజలు.

తినకూడనివి అందరూ అడుగుతారు. గట్టివి, సాగేవి, కొరికేవి. చెగోడీలు, జంతికలు, వేరుశనగ ఉండలు, మొక్కజొన్న కంకులు, చెరుకు గడలు, తేగలు, మామిడి టెంక చీకడం, మూలగబొక్క కొరకడం, ఇవన్నీ రెండేళ్ళపాటు మరచిపోవాలి. జామకాయ కావాలంటే కత్తితో సన్నగా కోసుకొని దవడతో తినవచ్చు. బెల్లం పాకం తగిలిన ఏ పిండివంటా పనికిరాదు. క్రిస్మసుకు గులాబీ పువ్వులు వండుతుంటే మాత్రం ప్రాణం కొట్టుకుపోయింది, ఒకటి పాలలో నానబెట్టుకొని తిన్నాను, అది గులాబీ పువ్వూ కాదు, పాలూ కాదు. ఒక బిళ్ళ ఊడిందంటే అది అంటించడానికి గుంటూరు ప్రయాణం, ఒక రోజు సెలవు, పైగా ఆ పంటి పని కొన్ని వారాలు వెనకబడుతుంది.

పసుపు సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. తీగను బిళ్ళకు పట్టి ఉంచే చిన్న రబ్బరు ఉంగరాలు తెల్లవి పెట్టించుకుంటే, మన కూరల పసుపుకు మూడు రోజుల్లో పచ్చగా మారతాయి. చూసేవారికి పళ్ళు తోమలేదనిపిస్తుంది. రెండో నెలనుంచి బూడిదరంగువి అడిగి వేయించుకున్నాను.

మాట, నవ్వు, నలుగురు

నా అంగిలికి ఆనుకొని ఉండేటట్టు ఒక ప్లాస్టిక్ ప్లేటు కూడా ఇచ్చారు. కింది పళ్ళు అంగిలిని పొడవకుండా దాని మీద ఆగుతాయి. మొదటి అయిదు నెలలు అది ఉంది. అందరికీ ఇది ఉండదు. దానితో నాలుక తిరగక త, ద, న, ల అన్నీ ముద్దగా వచ్చేవి. స, శ పలికితే ఈలలాంటి చప్పుడు. ఉపాధ్యాయురాలికి ఇంతకంటే ఇబ్బంది ఏముంటుంది? ఎవరూ లేనప్పుడు గట్టిగా చదవడమే దీనికి మందు. తెల్లవారుజామున వంటింట్లో కూర్చొని మూడో తరగతి వాచకం గొంతెత్తి చదివేదాన్ని. ఆదివారం ఆరాధనలో వాక్యపఠనం నా వంతు వచ్చినప్పుడు, ఆ భాగం ముందు రోజే పదిసార్లు చదివేదాన్ని. పన్నెండు, పదమూడు రోజులకు నాలుక దారి చూసుకుంది. పాట పాడడం మాటకంటే తేలిక, అక్షరాన్ని సాగదీస్తాము కనుక. పెదవులు మాత్రం తొందరగా ఎండిపోతాయి, నీళ్ళ సీసా పక్కన ఉండాలి.

అప్పుడు కరోనా మాస్కుల కాలం. నాలాంటివారికి అది పెద్ద మరుగు అయింది. బడిలో మాస్కు తీసిన రోజున రెండో తరగతి పిల్లవాడు లేచి నిలబడి, "టీచర్, మీ పళ్ళ మీద రైలు పట్టాలున్నాయి" అన్నాడు. తరగతంతా నవ్వింది. దగ్గరకు పిలిచి నోరు తెరిచి చూపించాను. ఒక్కొక్కరే వరుసగా వచ్చి చూశారు. మరుసటి రోజునుంచి ఎవరూ పట్టించుకోలేదు. పిల్లలతో ఈ సుఖం ఉంది, ఒకసారి చూపిస్తే అయిపోతుంది. పెద్దవాళ్ళతో అలా కాదు. పెళ్ళిళ్ళలో, బస్సులో మొహం చూస్తూ మాట్లాడకుండా నోరు చూస్తూ మాట్లాడతారు. "నీ వయసెంతమ్మా?" అని అడుగుతారు. నేను మొదట్లో చెయ్యి అడ్డం పెట్టుకొని మాట్లాడేదాన్ని. ఆ అలవాటు విడిపించింది మా అమ్మాయి. "అమ్మా, నువ్వు చెయ్యి అడ్డం పెట్టుకుంటే రేపు నేను కూడా పెట్టుకోవాలి కదా" అంది. దానివీ నావంటి పళ్ళే.

తోమడం సంగతి

క్లిప్పులున్న పంటిని ప్రతి భోజనం తరువాత తోమాలి. బడికి బ్రష్షు తీసుకువెళ్ళేదాన్ని. బిళ్ళకు పైన, కింద, తీగ వెనుక, మూడు చోట్ల మూడు రకాలుగా తోమాలి. సందుల్లోకి దూరే సీసాబ్రష్షులాంటి బుల్లి బ్రష్షు ఒకటి దొరుకుతుంది, అది లేకుండా పని జరగదు. గోంగూర పీచు, మునగకాయ పీచు తీగకు చుట్టుకుంటే ఒక పట్టాన రావు. వేప పుల్ల మీద నాకూ గౌరవమే గాని, ఆ రెండేళ్ళు అది పనికిరాదు. పీచు బిళ్ళల్లో ఇరుక్కుంటుంది, అదిమితే బిళ్ళ ఊడుతుంది. కచ్చిక, బూడిద, ఉప్పు పొడి గరుకు, వద్దు. ఫ్లోరైడు ఉన్న మామూలు పేస్టు చాలు. శ్రద్ధ లేకపోతే క్లిప్పులు తీసిన రోజున పళ్ళు తిన్నగా ఉంటాయి గాని, బిళ్ళ చుట్టూ సున్నం చల్లినట్టు తెల్ల మచ్చలు మిగులుతాయి. అవి పుచ్చుకు మొదటి మెట్టు.

నెలకొకసారి, రెండో శనివారం, గుంటూరు వెళ్ళేదాన్ని. తీగ మార్చినప్పుడల్లా రెండు రోజులు మళ్ళీ సలుపు, కాని మొదటిసారి ఉన్నంత ఎన్నడూ లేదు. తీసిన పళ్ళ చోటు ఒక్కొక్కటి దాదాపు ఏడు మిల్లీమీటర్లు. ఆ సందు నెల నెలా ఇంత చొప్పున మూసుకోవడం అద్దంలో చూసుకుంటూ ఉండేదాన్ని. ఏడో నెలలో ఏమీ కదలలేదనిపించి చాలా నీరసపడ్డాను. డాక్టరుగారు మొదటి రోజు తీసిన అచ్చు తెచ్చి పక్కన పెట్టారు. అప్పుడు తెలిసింది, అంగిలి మీది పుండు మానిపోయి ఎన్నాళ్ళయిందో నేను గమనించనే లేదు.

ఎవరి దగ్గరకు వెళ్ళాలి?

పళ్ళ డాక్టరు చదువు బీడీఎస్. దాని తరువాత ఇంకా మూడేళ్ళు ఈ ఒక్క విషయమే ఎండీఎస్‌లో చదివినవారిని ఆర్థోడాంటిస్టు అంటారు. పెద్దవారి నోరు చిక్కుముడిలాంటిది కనుక అటువంటివారినే అడిగి వెళ్ళండి. ప్రైవేటులో కట్టలేనివారికి హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోను, విజయవాడలోను, కడపలోను ప్రభుత్వ దంతవైద్య కళాశాలలున్నాయి. అక్కడ ఎక్కువసేపు కూర్చోవలసి వస్తుంది, ఖర్చు మాత్రం బయటకంటే బాగా తక్కువ. పై చదువు చదివేవారు పెద్ద డాక్టర్ల పర్యవేక్షణలో వైద్యం చేస్తారు.

ఇప్పుడు కంటికి కనపడని ప్లాస్టిక్ తొడుగులు కూడా వచ్చాయి. రోజుకు ఇరవై రెండు గంటలు పెట్టుకోవాలి, తినేటప్పుడు తీసేయవచ్చు. ఖరీదు ఎక్కువ, పైగా అన్ని రకాల పళ్ళకూ సరిపోవు. నాకు సరిపోవన్నారు.

ఒక్క విషయంలో మాత్రం తల్లులను గట్టిగా హెచ్చరించాలి. ముందుపళ్ళ మధ్య సందు మూయడానికి మామూలు రబ్బరు బ్యాండు రెండు పళ్ళకు కలిపి చుట్టే పద్ధతి ఒకటి ఫోన్లలో తిరుగుతోంది. పన్ను వేరు వైపు పోనుపోను సన్నబడుతుంది కనుక ఆ బ్యాండు జారుకుంటూ చిగురులోకి పోతుంది. పైకి కనపడదు, పోయిందనుకుంటారు. లోపల అది వేరు పొడవునా పాకుతూ, ఎముకను తినేస్తూ పోతుంది. చివరికి రెండు పళ్ళూ పోతాయి. అలా పోగొట్టుకున్నవారి సంగతులు దంతవైద్య పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చాయి. రోడ్డు పక్కన కూర్చొని పళ్ళు కట్టేవారు తీగ చుట్టి పళ్ళు బిగిస్తామన్నా ఒప్పుకోకండి.

తీసిన తరువాత

క్లిప్పులు తీసిన రోజు నాలుకకు పళ్ళు జారుడుబండలా తగిలాయి. అంతటితో అయిపోయిందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. కొత్త ఎముక గట్టిపడడానికి నెలలు పడుతుంది, చిగురులోని పీచులు కొత్త చోటుకు సర్దుకోవడానికి దాదాపు ఏడాది పడుతుంది. అంతవరకు అవి పంటిని పాత చోటుకే లాగుతూ ఉంటాయి. అందుకని రిటైనర్ అనే తొడుగు ఇస్తారు. ఎముక తగ్గిన నావంటివారు దాన్ని రాత్రిపూట ఎన్నేళ్ళయినా పెట్టుకోవలసిందే.

మొదటి ఏడాది పగలూ రాత్రీ పెట్టుకున్నాను, ఇప్పుడు రాత్రి మాత్రమే. చన్నీళ్ళతోనే కడగాలి, వేడినీళ్ళు తగిలితే వంకరపోతుంది. భోజనానికి తీసినప్పుడు కాగితంలో చుట్టి పక్కన పెట్టవద్దు, విస్తరాకుతోపాటు పారేసుకున్నవారు చాలామంది. దాని డబ్బా ఎప్పుడూ సంచిలో ఉండాలి. కుక్కకు అందే చోట పెట్టినా నమిలేస్తుంది. కింది పళ్ళ వెనుక అంటించిన సన్నని తీగ నాకు అలాగే ఉంది. నెలకొకసారి వేలితో తడిమి చూస్తాను. ఎక్కడైనా లేచినట్టు తగిలితే ఆ వారంలోనే గుంటూరు బస్సు ఎక్కాలి.